గ్యాస్ పైపుకి ఎర్త్ వైరు కడితే ఇల్లు తగలబడుతుందా?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో ఉంటాం. రెండేళ్ల కిందట 1930ల నాటి పాత ఇల్లు కొన్నాం. మొన్న కొత్త బాయిలర్ బిగించిన గ్యాస్ ఇంజినీరు వెళ్తూ వెళ్తూ ఒక కాగితం చేతిలో పెట్టాడు. మీ గ్యాస్ పైపుకి మెయిన్ బాండింగ్ కనపడలేదు, ఎలక్ట్రీషియన్‌కి చూపించుకోండి అని అందులో ఉంది. తెనాలి నుంచి వచ్చిన మా నాన్నగారు అది విని, "గ్యాస్ పైపుకి కరెంటు తీగ కట్టడమేమిటి, ఇల్లు తగలబెట్టుకుంటారా?" అని కూర్చున్నారు. మావారేమో ఆన్‌లైన్‌లో 4 స్క్వేర్ ఎంఎం పచ్చ-పసుపు వైరు, ఒక క్లాంపు తెప్పించి శనివారం తనే కట్టేస్తానంటున్నారు. పోయినేడు మా వీధి తవ్వి పసుపు ప్లాస్టిక్ గ్యాస్ పైపు వేశారు కాబట్టి అసలిదేమీ అక్కర్లేదని పక్కింటాయన అంటున్నాడు. మీటరు బయట గోడ పెట్టెలో ఉంది. లోపల పైపు వంటింటి సిమెంటు నేలలోంచి వెళ్తుంది. ఎవరి మాట వినాలి? హైదరాబాద్‌లో మా తమ్ముడి ఫ్లాట్‌కి కూడా ఈమధ్యే పైపు గ్యాస్ వచ్చింది. వాడికీ ఇది కావాలా?

జవాబు: అమ్మా, ముందు మీవారిని శనివారం ఆ పని మొదలుపెట్టకుండా ఆపండి. మిగతావి తీరిగ్గా మాట్లాడుకుందాం.

మీ నాన్నగారి భయం కొట్టిపారేసేది కాదు. ఆయన తరంవాళ్లకి ఎర్తింగ్ అంటే పెరట్లో గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ వేసి రాగి పలకో ఇనప గొట్టమో పాతి, వేసవిలో దాని మీద బిందెడు నీళ్లు పోయడం. గొయ్యి తీసే ఓపిక లేనివాళ్లు ఎర్త్ వైరు తీసుకెళ్లి పంపు గొట్టానికి చుట్టేయడం కూడా ఆయన చూసే ఉంటారు. అందుకే గ్యాస్ పైపుకి ఎర్త్ వైరు అనగానే, ఇంట్లో కరెంటంతా ఆ పైపులోంచి భూమిలోకి పంపుతున్నారని ఆయన అనుకుంటారు. అలా చేస్తే నిజంగానే తప్పు. గ్యాస్ పైపుని భూమిలోకి దారిగా, అంటే ఎర్త్ ఎలక్ట్రోడ్‌గా వాడకూడదని బ్రిటన్ వైరింగ్ నిబంధనలు, బీఎస్ 7671, తెగేసి చెబుతాయి. ఆ మేరకు మీ నాన్నగారు ఆ పుస్తకం చదవకుండానే సరైన మాట అన్నారు.

అయితే మీ గ్యాస్ ఇంజినీరు అడిగింది అది కాదు. పైపుని ఎర్త్‌గా వాడుకోవడం ఒకటి, ఇంటికి విడిగా మంచి ఎర్త్ ఉండగా పైపుని కూడా దానితో జత కలపడం ఇంకొకటి. ఈ రెండోదే బాండింగ్. మన భాషలో దీనికి వేరే మాట లేక రెండిటినీ ఎర్తింగ్ అనేస్తాం, తగాదా అంతా అక్కడే.

మీ నాన్నగారికి ఇలా చెప్పి చూడండి. కృష్ణకి వరద వచ్చింది, రేవులో పడవ ఉంది. నీళ్లు పది అడుగులు లేచినా పడవలో కూర్చున్నవాళ్లకి ఏమీ కాదు, పడవతో పాటు వాళ్లూ లేస్తారు. ఒక కాలు పడవలో, ఒక కాలు గట్టు మీద పెట్టినవాడు మాత్రం నీళ్లలో పడతాడు. ఇంట్లో కరెంటు పరిస్థితీ అంతే. వాషింగ్ మెషీన్ లోపల ఫేజు వైరు ఒరుసుకుపోయి రేకుకి తగిలిందనుకోండి. బ్రేకరు పడిపోయే లోపల, అంటే నిబంధన ప్రకారం ఎక్కువలో ఎక్కువ 0.4 సెకన్లు, ఆ రేకు మీద, దానితో కలిసి ఉన్న ఎర్త్ వైర్లన్నిటి మీద వోల్టేజీ లేస్తుంది. 100 వోల్టులు దాటినా ఆశ్చర్యం లేదు. అదే క్షణంలో పక్కనున్న గ్యాస్ పైపు నేలలో పాతుకుని ఉంది కాబట్టి సున్నా దగ్గరే ఉంటుంది. మీరు ఒక చెయ్యి మెషీన్ మీద, ఇంకో చెయ్యి పైపు మీద వేసి ఉంటే? గట్టు మీద ఒక కాలు, పడవలో ఒక కాలు. బాండింగ్ వైరు ఉంటే పైపు కూడా పడవలోకి వచ్చేస్తుంది. వోల్టేజీ లేచినా రెండూ కలిసి లేస్తాయి, మీ రెండు చేతుల మధ్య తేడా బాగా తగ్గిపోతుంది, షాక్ ప్రమాదమూ తగ్గుతుంది. ఇదొక్కటి పట్టుకుంటే మిగతా నిబంధనలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

ఇక తగలబడే సంగతి. పైపు లోపలున్న గ్యాస్‌కి గాలి తగలదు, గాలి లేకుండా అది మండదు. సహజవాయువు అంటుకోవాలంటే గాలిలో దాని పాళ్లు సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. కాబట్టి పైపు లోహంలో కాస్త కరెంటు పారినంత మాత్రాన లోపల ఏమీ జరగదు. భయపడాల్సింది నిప్పురవ్వకి. రవ్వ పుట్టేది రెండు లోహాలు గట్టిగా కలిసి ఉన్నచోట కాదు, వోల్టేజీ తేడా ఉన్న రెండు ముక్కలు అంటీ అంటనట్టు తగిలేచోట, లేదా కలిసి ఉన్నవి విడిపోయేచోట. అందుకే గ్యాస్ పనివాళ్లు మీటరు ఊడదీసేటప్పుడూ పైపు కోసేటప్పుడూ రెండు చివర్లా క్లిప్పులున్న ఒక లావుపాటి తీగని కోతకి ఇటొకటి అటొకటి తగిలించి, ఆ తరవాతే చెయ్యి వేస్తారు. పైపులో వేరే ఇంటి కరెంటు పారుతున్నా అది ఆ తీగలోంచి పోతుంది, కోసినచోట రవ్వ రాదు. మీ బాయిలర్ ఆయన కూడా తగిలించే ఉంటాడు. మీ నాన్నగారు పక్కన లేరు కాబట్టి సరిపోయింది, లేకపోతే గొడవ ఆ రోజే మొదలయ్యేది.

వేరే ఇంటి కరెంటు ఏమిటి అంటారా? మీవారు కొన్న 4 స్క్వేర్ ఎంఎం వైరు ఎందుకు పనికిరాదో తెలియాలంటే ఇది చెప్పుకోవాలి. బ్రిటన్‌లో చాలా ఇళ్లకి ఎర్త్ సొంత గొయ్యిలోంచి రాదు. కరెంటు కంపెనీ కేబులే తెస్తుంది. అందులోనూ ఎక్కువ ఇళ్లకి వీధి కేబుల్లో న్యూట్రలూ ఎర్తూ ఒకటే తీగ. ఇంటి దగ్గర కంపెనీ ఫ్యూజు వరకు వచ్చాక రెండుగా విడదీస్తారు. ఈ పద్ధతిని అక్కడ పీఎంఈ అంటారు. మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ లేదు. వీధిలో ఎక్కడో ఆ ఉమ్మడి తీగ తెగిందంటే మాత్రం మీ ఇంట్లో కెటిల్, ఓవెన్, షవర్ వాడిన కరెంటంతా తిరిగి వెళ్లే దారి లేక, ఇంటి ఎర్త్ వైర్లన్నీ వచ్చి కలిసే ఎర్త్ టెర్మినల్‌కి, అక్కడి నుంచి బాండింగ్ వైరులోకి, పైపుల్లోకి, వాటి మీదుగా భూమిలోకో పక్కింటి ఎర్త్‌లోకో దారి వెతుక్కుంటుంది. పక్కింటి న్యూట్రల్ పోతే వాళ్ల కరెంటు మీ పైపుల్లోకి వస్తుంది. ఇది 0.4 సెకన్ల వ్యవహారం కాదు. ఏ బ్రేకరూ పడదు. గంటలు, ఒక్కోసారి రోజులు, పదుల ఆంపియర్లు పారతాయి. సన్న వైరైతే తొడుగు కరిగి, అది ఆనుకున్న చెక్క మాడుతుంది. అందుకే పీఎంఈ ఉన్న మామూలు ఇంటికి బాండింగ్ వైరు కనీసం 10 స్క్వేర్ ఎంఎం రాగి ఉండాలని నియమం. మీ ఇంటికి పాతకాలపు సీసపు తొడుగు కేబుల్ ద్వారా విడి ఎర్త్ వస్తుంటే లెక్క కొంచెం మారుతుంది. అప్పుడు మెయిన్ ఎర్త్ వైరులో సగం మందం చాలు, కానీ 6కి తగ్గకూడదు. ఎటు చూసినా 4 లెక్కలోకి రాదు. ఆ వైరు చుట్ట వెనక్కి పంపించేయండి.

ఇక్కడ తెలివైనవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది, మీవారూ అడుగుతారు. బాయిలర్‌కి ఎర్త్ ఉంది, గ్యాస్ పైపు బాయిలర్‌కే బిగించి ఉంది, అంటే పైపు ఎలాగూ ఎర్త్‌తో కలిసినట్టే కదా? కలిసినట్టే. కానీ ఆ కలిపేది 3 ఆంప్ ఫ్యూజు వెనక ఉన్న, సేమ్యా అంత సన్నటి ఎర్త్ తీగ. ఫ్యూజు ఫేజు వైరుకే గానీ ఎర్త్ తీగకి ఉండదు. ఇప్పుడు చెప్పిన న్యూట్రల్ కరెంటు ఆ తీగలో పారితే ఆపేవాళ్లు లేరు, బాయిలర్ వెనకే కాలుతుంది. పైగా రేపు ఎవరైనా బాయిలర్ ఊడదీస్తే ఆ కాస్త కలయికా పోతుంది.

పక్కింటాయన మాటలో సగం నిజం ఉంది, ఆ సగం మంచి సగమే. బ్రిటన్‌లో ఇళ్లకి దగ్గర్లో ఉన్న పాత ఇనప గ్యాస్ మెయిన్లని మార్చే పెద్ద కార్యక్రమం 2002 నుంచి 30 ఏళ్ల లెక్కన నడుస్తోంది. మీ వీధిలో వేసింది ఆ పసుపు ప్లాస్టికే. ప్లాస్టిక్ కరెంటు పారనివ్వదు కాబట్టి వీధి వైపు నుంచి భూమి వోల్టేజీ మీ ఇంట్లోకి రాదు. ఇంట్లోకి వచ్చేచోట కరెంటు పారని ముక్క ఉన్న లోహపు పైపుకి బాండింగ్ అక్కర్లేదని 2018లో వచ్చిన 18వ ఎడిషన్ బీఎస్ 7671 కూడా ఒప్పుకుంది.

కానీ మీ ఉత్తరంలోనే ఆయన మర్చిపోయిన ఒక వాక్యం ఉంది: లోపల పైపు వంటింటి సిమెంటు నేలలోంచి వెళ్తుందని రాశారు. అసలు చూడాల్సింది పైపు వీధి నుంచి ప్లాస్టిక్‌లో వచ్చిందా అని కాదు, మీ చేతికి అందే లోహం ఎక్కడైనా భూమిని తాకుతోందా అని. 1930ల ఇంటి సిమెంటు నేల కింద తేమని ఆపే పొర ఉందో లేదో, పైపు మీద తొడుగు ఉందో, తొంభై ఏళ్లలో ఊడిందో ఎవరికి తెలుసు? తడి సిమెంటులో పాతిన రాగి పైపు భూమిలో ఉన్నట్టే లెక్క. దీన్ని ఊహించక్కర్లేదు, కొలవచ్చు. ఇంటి మెయిన్ స్విచ్ ఆపి, బాయిలర్ వైపు కలయికలన్నీ విడదీసి, పైపుకీ ఎర్త్ టెర్మినల్‌కీ మధ్య రెసిస్టెన్స్, అంటే కరెంటుకి ఎంత అడ్డు ఉందో, ఓముల్లో చూస్తారు. సుమారు 22–23 వేల ఓములకి పైన ఉంటే పైపుని ముట్టుకున్న మనిషిలోంచి 10 మిల్లీ ఆంపియర్లకి మించి పోదు, అంటే చెయ్యి వెనక్కి తీసుకోగలడు, బాండింగ్ అవసరం లేదని తేలుస్తారు. అంతకంటే తక్కువైతే కట్టాల్సిందే. నిజం చెప్పాలంటే పైపులన్నీ రేడియేటర్లతో, నీళ్ల గొట్టాలతో చిక్కుపడి ఉండే ఇంట్లో ఈ కొలత సరిగ్గా తీయడానికి పట్టే టైములో వైరు లాగేయొచ్చు. మీ ఇల్లు నా చేతిలో ఉంటే కొలతకి తంటాలు పడను, వైరు కట్టేస్తాను.

ఎలక్ట్రీషియన్ని పిలిచే ముందు మీరే ఒకసారి టార్చి పట్టుకుని చూడండి. ముట్టుకోవద్దు, చూడటమే. మీటరు బయట పెట్టెలో ఉంది కాబట్టి, పైపు గోడ దాటి లోపలికి వచ్చేచోట నుంచి వెతకండి. మీటరు లోపలే ఉన్న ఇళ్లలో అయితే మీటరు దాటిన పైపు మీద 600 మిల్లీమీటర్ల లోపు, అంటే రెండడుగుల లోపు, పైపు చీలికలు మొదలవక ముందే క్లాంపు ఉండాలి. చీలిక దాటాక కడితే, మధ్యలో ఎవరో ఒక ముక్క ప్లాస్టిక్‌తో మార్చిన రోజున సగం ఇంటి పైపులకి బాండింగ్ లేకుండా పోతుంది. క్లాంపుతో పాటు ఒక రేకు బిళ్ల వేలాడుతుంటుంది. దాని మీద ఇది భద్రతకి సంబంధించిన కరెంటు కనెక్షన్, తీయవద్దు అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. వైరు తొడుగు మీద మందం అచ్చువేసి ఉంటుంది. అచ్చు చెరిగిపోతే లావు చూసి పోల్చుకోవచ్చు: 10 స్క్వేర్ ఎంఎం వైరు తొడుగుతో కలిపి దాదాపు మన మామూలు పెన్సిలంత ఉంటుంది, లోపల ఏడు పురుల రాగి.

క్లాంపు కనిపిస్తే పని అయిపోయిందని అనుకోకండి. ఒక ఇంట్లో మెట్ల కింద అరలో బియ్యం బస్తా, వ్యాక్యూమ్ క్లీనరూ జరిపి చూస్తే క్లాంపు ఉంది, బిళ్ల ఉంది, 10 స్క్వేర్ ఎంఎం వైరుంది, అన్నీ లక్షణంగా ఉన్నాయి. ఓములు కొలిచే మీటరు పెడితే రీడింగు గెంతుతోంది. ఎవరో పైపుకి తెల్ల పెయింటు మూడు పూతలు వేసి, దాని మీద బిగించారు. విప్పి, గరుకు కాగితంతో పైపు ఎర్రగా మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగిస్తే 0.03 ఓములకి వచ్చి నిలబడింది. లెక్క కూడా అంతే చెబుతుంది. ఈ వైరు మీటరు పొడవుకి సుమారు 1.83 మిల్లీ ఓములు, వాళ్లింట్లో అది 15 మీటర్ల లోపే. ఇంకో ఇంట్లో కొత్త కిచెన్ బిగించినవాళ్లు అల్మారాకి అడ్డొస్తోందని బాండింగ్ వైరుని కత్తిరించి, కొసని అందంగా టేపు చుట్టి వదిలేశారు. మీ ఇంటి పాత ఓనరు వంటిల్లు మార్పించి ఉంటే సింకు కింద, అల్మారాల వెనక అలాంటి కొస ఏదైనా ఉందేమో చూడండి. కనపడితే ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. సగం దారి వైరు దొరికినట్టే.

మీవారికి చెప్పాల్సిన మాట. ఇంగ్లండ్‌లో బాండింగ్ వైరు వేసినందుకు కౌన్సిల్‌కి చెప్పాల్సిన పని లేదు, ఇంటాయన వేసుకుంటే నేరమూ కాదు. నేను వద్దనేది వేరే కారణానికి. ఈ పనిలో వైరు లాగడం, క్లాంపు బిగించడం ఆఖరి పావు వంతు. మొదటి ముప్పావు అంతా మీ ఇంటి ఎర్త్ ఏ రకం, మెయిన్ ఎర్త్ వైరు సరిపడా లావుగా ఉందా, అసలు పనిచేస్తోందా అని తేల్చుకోవడం. పాత ఇళ్లలో మెయిన్ ఎర్త్ వదులై ఉండటమో పూర్తిగా ఊడి ఉండటమో జరుగుతుంది. అలాంటి ఇంట్లో నేలలో పాతుకున్న గ్యాస్ పైపుకి వైరు కడితే ఏమవుతుంది? ఇల్లంతటికీ అదొక్కటే ఎర్త్ అవుతుంది. మీ నాన్నగారు ఏది జరుగుతుందని భయపడ్డారో అదే. ఇంకోటి, ఆ పైపులో ఇప్పటికే ఎవరి న్యూట్రల్ కరెంటో పారుతుంటే, క్లాంపు దగ్గరికి వైరు తాకించేటప్పుడు రవ్వ వస్తుంది, మెయిన్ స్విచ్ ఆపినా సరే. ఎలక్ట్రీషియన్ ముందుగా, పైపు చుట్టూ పట్టి అందులో పారే కరెంటుని కొలిచే క్లాంప్ మీటరు తగిలించి చూసుకుంటాడు. అది లేకుండా గ్యాస్ మీటరు పక్కన పని చేయడం నాకు నచ్చదు.

ఎలక్ట్రీషియన్ని రెండు విషయాలు అడగండి. పని మొదలుపెట్టే ముందు, "మా ఇంటి ఎర్త్ ఏ రకం, మెయిన్ ఎర్త్ వైరు మందమెంత?" అని. చూసుకుని చెప్పనివాణ్ని పంపించేయండి. పని అయ్యాక మైనర్ వర్క్స్ సర్టిఫికెట్, అంటే చిన్న కరెంటు పని చేసి పరీక్షించినట్టు రాసిచ్చే కాగితం, కావాలని. నీళ్ల పైపు కూడా లోహమైతే అదే వైరుతో రెండిటికీ కలపొచ్చు, కానీ మొదటి క్లాంపు దగ్గర వైరు కోయకుండా తొడుగు మాత్రం ఒలిచి, తెగకుండా ముందుకి తీసుకెళ్లాలి. ప్లంబరు ఒక క్లాంపు విప్పిన రోజున రెండోది కూడా ఊడిపోకూడదు. ధర మీ ఫ్యూజు బాక్సు నుంచి గ్యాస్ పైపుకి ఎంత దూరం, ఎన్ని ఫ్లోర్ బోర్డులు లేపాలి అన్నదాని మీద ఉంటుంది, కాబట్టి ఇల్లు చూడకుండా ఫోన్లో చెప్పే అంకెని నమ్మకండి. ఈ వంకతో వంటింటి సింకుకీ, ప్రతి రేడియేటరుకీ వైర్లు కట్టాలని ఎవరైనా బేరం పెంచితే వద్దనండి. ఆ రోజులు పోయాయి.

గ్యాస్ ఆయన ఇచ్చిన కాగితం చూసి కూడా టెన్షన్ పడకండి. ఇంటి పైపుని గ్యాస్ మీటరుకి కలిపినవాడు, బాండింగ్ అవసరం అనిపిస్తే ఇంటివాళ్లకి చెప్పి తీరాలని అక్కడి 1998 నాటి గ్యాస్ భద్రతా నిబంధనల్లో ఉంది. చెప్పడం వరకే ఆయన బాధ్యత, చేయించుకోవడం మీది. ఆ కాగితంలో మీరు రాసిన మాటలే ఉంటే పొయ్యి వెలిగించుకోవచ్చు, బాయిలర్ వాడుకోవచ్చు. నెలలు నానబెట్టకుండా ఒకటి రెండు వారాల్లో చేయించండి. ఎప్పుడైనా పైపునో కుళాయినో తాకితే చిమచిమలాడినట్టు ఉన్నా, లైట్లు ఉన్నట్టుండి మరీ వెలుగుతూ మరీ మసకబారుతూ ఉన్నా మాత్రం అది వేరే కథ. పైపులు ముట్టుకోకుండా వెంటనే 105కి ఫోన్ చేసి కరెంటు నెట్‌వర్క్ వాళ్లకి చెప్పండి. గ్యాస్ వాసన వస్తే 0800 111 999.

హైదరాబాద్ తమ్ముడి విషయం. మన దేశంలో ఎర్తింగ్‌కి ఉన్న ప్రామాణిక నియమావళి ఐఎస్ 3043. భవనంలోకి వచ్చే గ్యాస్ పైపుల్ని మెయిన్ బాండింగ్‌లో కలపాలని అదీ చెబుతుంది. అయితే అపార్టుమెంటులో అది ఒక్కో ఫ్లాటువాళ్లు విడివిడిగా చేసుకునే పని కాదు. బయట గోడ వెంట కింద నుంచి పై అంతస్తుదాకా పాకే ఇనప పైపు అందరిదీ, దాని మీద చెయ్యి వేసే అధికారం గ్యాస్ కంపెనీది. అసోసియేషన్ తరఫున కంపెనీని అడిగించమనండి. భవనం ఎర్త్ గుంట చివరిసారి ఎప్పుడు పరీక్షించారో కూడా అడగమనండి, అక్కడే చాలామంది నీళ్లు నములుతారు. ఈలోగా వాడు ఒక్క పని చేయకుండా ఉంటే చాలు: గీజరుకో మోటారుకో ఎర్త్ సరిగ్గా లేదని వచ్చిన కుర్రాడు, దగ్గర్లో ఉంది కదా అని గ్యాస్ పైపుకి తీగ చుట్టబోతే చుట్టనివ్వద్దు. ఇంకా సిలిండరే వాడుతున్న వాళ్లకి ఈ గొడవ లేదు. రబ్బరు గొట్టంతో పొయ్యికి తగిలించిన సిలిండరు భూమిలోంచి దేన్నీ ఇంట్లోకి తీసుకురాదు.